ఉత్తర మాసిడోనియా ఐరోపా సమాఖ్యలో ఇంకా ఎందుకు చేరలేకపోయింది?

మీ ప్రశ్నలో మూడు ముక్కలున్నాయి. 2004లో దరఖాస్తు పెట్టుకుని, ఆ తర్వాత సొంత పేరే మార్చుకున్న దేశం ఇన్నేళ్లయినా ఐరోపా సమాఖ్యలో ఎందుకు చేరలేదు? తప్పు ఎవరిది? బల్గేరియా కోరుతున్నట్లు అది తన రాజ్యాంగాన్ని సవరించుకోవాలా, వద్దా? చివరి ప్రశ్నకు నా జవాబు ముందే చెబుతాను: సవరించుకోవాలి. కానీ ఆ మాట అనడానికి నాకు మనసొప్పదు. ఎందుకు ఒప్పదో తెలియాలంటే మొదటి రెండు ప్రశ్నల సంగతి చూడాలి. అంతర్జాతీయ సంబంధాలు బోధించిన ఇరవై రెండేళ్లలో నేను అన్నిటికన్నా ఎక్కువ సార్లు తిరగరాసుకున్న పాఠం ఈ దేశానిదే. అందుకే జవాబు కాస్త పెద్దదవుతుంది.

మదర్ తెరెసా 1910లో పుట్టిన ఊరు స్కోప్యే. ఉత్తర మాసిడోనియా రాజధాని అదే. ఆమె పుట్టేనాటికి అది ఆటోమన్ తుర్కుల ఏలుబడిలో ఉంది. ఆమెది అల్బేనియన్ కుటుంబం. తర్వాత ఆ ప్రాంతం యుగోస్లావియాలో కలిసింది. 1991 సెప్టెంబరు 8న ప్రజాభిప్రాయ సేకరణ జరిపి స్వతంత్రం ప్రకటించుకుంది. 1990లలో నెత్తురు చిందకుండా యుగోస్లావియా నుంచి బయటపడిన గణతంత్రం ఇదొక్కటే. 2001లో అల్బేనియన్ తిరుగుబాటుదారులతో కొన్ని నెలల పోరు జరిగినా, ఆ ఆగస్టులోనే ఓహ్రిడ్ ఒప్పందం కుదిరింది. జనాభాలో దాదాపు నాలుగోవంతు ఉన్న అల్బేనియన్లకు భాషా హక్కులు, ఉద్యోగాల్లో వాటా వచ్చాయి. 2021 జనగణన ప్రకారం దేశ జనాభా 18 లక్షల 36 వేలు, ఇంచుమించు మన విశాఖపట్నం నగరమంత. 2002లో అది 20 లక్షల 22 వేలు ఉండేది. ఈ రెండు అంకెల మధ్య తేడాను గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

సమాఖ్యలో చేరే దారి కాగితం మీద పరీక్షలా ఉంటుంది. 1993లో కోపెన్‌హాగెన్‌లో సభ్యదేశాలు ప్రమాణాలు నిర్ణయించాయి: నిలకడైన ప్రజాస్వామ్యం, చట్టబద్ధ పాలన, మైనారిటీల రక్షణ, పోటీకి తట్టుకునే మార్కెట్, సమాఖ్య చట్టాలను అమలు చేయగల పాలనాయంత్రాంగం. ఆ చట్టాలను 35 అధ్యాయాలుగా విభజించారు, వాటిలో 33 మీద చర్చలు జరుగుతాయి. 2020లో వాటిని ఆరు క్లస్టర్లుగా, అంటే గుంపులుగా, కట్టారు. న్యాయస్థానాలు, ప్రాథమిక హక్కులు ఉన్న క్లస్టర్‌ను అన్నిటికన్నా ముందు తెరిచి, అన్నిటికన్నా చివర మూస్తారు. ఇంతవరకూ ఎవరూ తప్పుపట్టలేని ఏర్పాటే.

చిక్కు మరోచోట ఉంది. మార్కులు వేసేది సమాఖ్య పాలనా విభాగమైన ఐరోపా కమిషన్, పై తరగతికి పంపేది మాత్రం సభ్యదేశాలు. అభ్యర్థి హోదా ఇవ్వడానికి, చర్చలు మొదలుపెట్టడానికి, ఒక్కొక్క క్లస్టర్ తెరవడానికి, ఒక్కొక్క అధ్యాయం మూయడానికి, చివరి ఒప్పందానికి, ప్రతి మెట్టు దగ్గరా 27 దేశాలూ ఒప్పుకోవాలి. ఏ ఒక్క దేశం కాదన్నా అంతా ఆగిపోతుంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని మన పెద్దలు అన్నది ఇలాంటి చోటే. ఈ అధికారం వాడుకున్న మొదటి దేశం బల్గేరియా కాదు. పిరాన్ అఖాతంలో సరిహద్దు తగాదా ఉందని క్రొయేషియా చర్చలను స్లోవేనియా 2009 సెప్టెంబరు దాకా నెలల తరబడి అడ్డుకుంది. క్రొయేషియా చివరికి 2013 జులై 1న చేరింది. ఆ తర్వాత ఇంతవరకూ మరో దేశం చేరలేదు.

మాసిడోనియా విషయంలో మొదటి అడ్డు గ్రీసు. దాని బాధను కొట్టిపారేయలేం. గ్రీసు ఉత్తర భాగం పేరు కూడా మాసిడోనియాయే. థెస్సలొనీకి దాని ప్రధాన నగరం. అలెగ్జాండర్ పుట్టిన పెల్లా అక్కడే ఉంది. పొరుగున పుట్టిన కొత్త దేశం అదే పేరు పెట్టుకుని, వెర్గినాలో దొరికిన పురాతన సూర్యచిహ్నాన్ని జెండా మీద వేసుకుంటే, రేపు నేల కూడా తమదే అంటారేమోనని గ్రీకులు భయపడ్డారు. ఫలితంగా 1993 ఏప్రిల్‌లో ఐక్యరాజ్యసమితి ఆ దేశాన్ని "పూర్వపు యుగోస్లావ్ మాసిడోనియా గణతంత్రం" అనే తాత్కాలిక పేరుతో చేర్చుకుంది. సభలో కుర్చీలు ఇంగ్లిషు అక్షరక్రమంలో ఉంటాయి కదా. "ఎం" దగ్గర కూర్చుంటే గ్రీసు ఒప్పుకోదు, "పూర్వపు" అన్న మాటతో "ఎఫ్" దగ్గర కూర్చోవడానికి వీళ్లు ఒప్పుకోలేదు. పేరుకు ముందున్న "ద" అనే చిన్న పదాన్ని పట్టుకుని "టి" వరసలో, థాయిలాండ్ పక్కన చోటు చూపించారు. ఒక దేశం పాతికేళ్లకు పైగా అలా కూర్చుంది. తరగతిలో ఈ సంగతి చెప్పినప్పుడు పిల్లలు ముందు నవ్వేవారు. అదే మన దేశానికి జరిగితే ఎలా ఉంటుందని అడిగితే నవ్వు ఆగిపోయేది.

1994 ఫిబ్రవరిలో గ్రీసు వాణిజ్య దిగ్బంధం విధించింది. సముద్రతీరం లేని దేశానికి థెస్సలొనీకి రేవు మూసుకుపోతే ఊపిరాడదు. 1995లో మధ్యంతర ఒప్పందం కుదిరింది: వీళ్లు జెండా మార్చుకున్నారు, తాత్కాలిక పేరుతో అంతర్జాతీయ సంస్థల్లో చేరితే అడ్డుకోబోనని గ్రీసు మాటిచ్చింది. అయినా 2008లో బుఖారెస్ట్ సమావేశంలో నాటో సభ్యత్వం రాకుండా చేసింది. అది ఒప్పంద ఉల్లంఘనేనని అంతర్జాతీయ న్యాయస్థానం 2011 డిసెంబరులో 15–1 తేడాతో తీర్పు చెప్పింది. ఆ తీర్పు వచ్చినా మాసిడోనియాకు నాటోలోనూ చోటు దొరకలేదు, సమాఖ్య చర్చలూ మొదలు కాలేదు. అప్పటికే 2005 డిసెంబరులో అభ్యర్థి హోదా వచ్చింది, 2009 అక్టోబరులో చర్చలు మొదలుపెట్టవచ్చని కమిషన్ సిఫార్సు చేసింది. కమిషన్ ఆ సిఫార్సును ఏటేటా మళ్లీ రాస్తూ పోయింది, సభ్యదేశాలు ఏటేటా పక్కన పెడుతూ పోయాయి.

ఇలా తలుపు దగ్గర ఏళ్ల తరబడి నిలబెడితే లోపలి రాజకీయం ఏమవుతుందో చూడండి. 2006 నుంచి 2016 దాకా ప్రధానిగా ఉన్న నికోలా గ్రుయెవ్‌స్కీ సంస్కరణలు వదిలి జాతీయవాదం పట్టుకున్నారు. విమానాశ్రయానికి అలెగ్జాండర్ పేరు పెట్టారు. "స్కోప్యే 2014" పేరుతో రాజధాని నిండా విగ్రహాలు, స్తంభాల భవనాలు కట్టించారు. 2011లో నగరం నడిబొడ్డున ఇరవై మీటర్లకు మించిన ఎత్తులో గుర్రం మీద యోధుడి కంచు విగ్రహం లేచింది. 2015లో, 20 వేల మందికి పైగా పౌరుల ఫోన్లు దొంగచాటుగా విన్నారని ప్రతిపక్ష నాయకుడు జోరాన్ జాయెవ్ రికార్డింగులతో సహా బయటపెట్టారు. 2018లో గ్రుయెవ్‌స్కీకి జైలు శిక్ష ఖాయమైతే ఆయన హంగరీకి పారిపోయారు, అక్కడ ఆశ్రయం దొరికింది. హంగరీ సమాఖ్య సభ్యదేశం. చట్టబద్ధ పాలన గురించి స్కోప్యేకు పాఠాలు చెప్పే కూటమిలో ఇలా జరగడాన్ని నేను ఇప్పటికీ జీర్ణించుకోలేను.

2017 మేలో జాయెవ్ ప్రధాని అయ్యారు. మరుసటి ఏడాది జూన్ 17న, గ్రీసు, అల్బేనియా, మాసిడోనియా మూడూ పంచుకునే ప్రెస్పా సరస్సు ఒడ్డున గ్రీసు ప్రధాని అలెక్సిస్ సిప్రాస్ సమక్షంలో ఒప్పందం మీద సంతకాలయ్యాయి. దేశం పేరు ఉత్తర మాసిడోనియా. బయటా లోపలా అదే పేరు. భాషను మాత్రం మాసిడోనియన్ అనే పిలుస్తారు. ప్రాచీన గ్రీకు నాగరికతతో తమకు సంబంధం లేదని వీళ్లు రాసిచ్చారు. రెండు దేశాల్లోనూ వీధులు నిరసనలతో నిండాయి. 2018 సెప్టెంబరు 30న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో ఓటు వేసినవారిలో 90 శాతానికి పైగా అవునన్నారు, కానీ ఓటు వేసింది 37 శాతం మందే. ప్రజలు తిరస్కరించారని చాలామంది అంటారు. నేను పూర్తిగా ఒప్పుకోను. అప్పటి ఓటర్ల జాబితాలో 18 లక్షల పేర్లున్నాయి. మూడేళ్లకు జనగణన చేస్తే పిల్లాపాపలతో కలిపి దేశంలో ఉన్నదే 18 లక్షల 36 వేల మంది. వలసపోయినవారి పేర్లతో నిండిన జాబితాలో సగం పోలింగ్ దాదాపు అసాధ్యం. అయితే బహిష్కరణ పిలుపు విన్నవారు కూడా తక్కువేమీ కాదు, ఆ గాయం ఇప్పటికీ మానలేదు.

పార్లమెంటులో మూడింట రెండొంతులు కావాలి, అంటే 120లో 80. 2019 జనవరి 11న 81 ఓట్లు వచ్చాయి. రెండు వారాలకు గ్రీసు పార్లమెంటు 300లో 153 ఓట్లతో ఆమోదించింది. ఇంత సన్నని అంచుల మీద నిలబడిన ఒప్పందం అది. ఆ జులైలో సిప్రాస్ ఎన్నికల్లో ఓడిపోయారు.

ఆ ఫిబ్రవరిలో నేను తరగతిలో, ఈ ఏడాదిలోగా చర్చలు మొదలవుతాయని నమ్మకంగా చెప్పాను. అక్టోబరులో ఫ్రాన్స్ అడ్డుపడింది. కొత్త దేశాలను తీసుకునే ముందు సమాఖ్య తనను తాను సరిదిద్దుకోవాలని, చేర్చుకునే పద్ధతే మారాలని అధ్యక్షుడు మాక్రోన్ వాదన. ఆ వాదనలో నిజం లేకపోలేదు. కానీ అది చెప్పవలసిన సమయం, పేరు మార్చుకొమ్మని అడగకముందు. అది చారిత్రక తప్పిదమని అప్పటి కమిషన్ అధ్యక్షుడు యుంకర్ బహిరంగంగానే అన్నారు. 2020 మార్చిలో సభ్యదేశాలు ఒప్పుకున్నాయి. అదే నెల 27న నాటో సభ్యత్వం కూడా వచ్చింది. ఇక దారి సాఫీ అనుకున్నారు. నవంబరులో బల్గేరియా వీటో వేసింది.

బల్గేరియా తగాదా గ్రీసు తగాదా కన్నా లోతైనది. గ్రీసు అడిగింది పేరు. బల్గేరియా అడుగుతున్నది మీరు ఎవరు అని. విచిత్రం ఏమిటంటే, 1992 జనవరిలో ఈ దేశాన్ని మొట్టమొదట గుర్తించినది బల్గేరియాయే. దేశాన్ని గుర్తించింది కానీ ప్రత్యేక జాతిని, ప్రత్యేక భాషను గుర్తించలేదు. బల్గేరియా రాజధాని సోఫియా వాదన ప్రకారం మాసిడోనియన్ అనేది బల్గేరియన్‌కు మాండలికం. దానికి ప్రామాణిక రూపం 1944–45లో యుగోస్లావియా పాలనలో కల్పించారు. ప్రామాణిక రూపం అప్పుడే వచ్చిందన్నది నిజమే. కానీ ఏ భాషకైనా ప్రామాణిక రూపం ఎప్పుడో ఒకప్పుడు ఎవరో కొందరు కూర్చుని నిర్ణయించేదే. ఇంట్లో అమ్మ మాట్లాడే భాష పేరేమిటో పొరుగు దేశపు పార్లమెంటు చెప్పజాలదు.

గోత్సే దెల్చెవ్ ఉదాహరణ చూడండి. 1872లో కుకుష్‌లో పుట్టాడు. ఆ ఊరు ఇప్పుడు గ్రీసులో కిల్కిస్. బల్గేరియన్ బడుల్లో ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ ఆటోమన్ పాలనకు వ్యతిరేకంగా రహస్య సంస్థను నడిపాడు. 1903 మేలో బనిత్సా గ్రామంలో తుర్కు సైన్యంతో పోరులో చనిపోయాడు. అతని అస్థికలు చాలాకాలం సోఫియాలో ఉండి, 1946లో స్కోప్యేకు వచ్చాయి. ఇప్పుడు స్వేతి స్పాస్ చర్చి ఆవరణలో ఉన్నాయి. బల్గేరియాలో అతని పేరుతో ఒక పట్టణం ఉంది, ఉత్తర మాసిడోనియాలోనూ ఉంది. అతను బల్గేరియనా, మాసిడోనియనా? 2017 ఆగస్టు 1న కుదిరిన స్నేహ ఒప్పందం ప్రకారం రెండు దేశాల చరిత్రకారుల ఉమ్మడి సంఘం ఏర్పడింది. ఇలాంటి ప్రశ్నలు తేల్చడమే దాని పని. చరిత్రకారులు వందేళ్లు వాదించుకున్నా తప్పులేదు. ఆ వాదన తేలేదాకా ఒక దేశపు రైతులకు, విద్యార్థులకు భవిష్యత్తు ఆపడం మాత్రం తప్పు.

బల్గేరియా వైపు ఉన్న న్యాయమూ చెప్పాలి. యుగోస్లావియా కాలంలో తాము బల్గేరియన్లమని చెప్పుకున్నవారు వేధింపులు పడ్డారు. 2022లో బిటోలాలో బల్గేరియన్ల సాంస్కృతిక కేంద్రానికి నిప్పు పెట్టారు. రక్షణ అడగడం అన్యాయం కాదు. ఆ ఏడాది ఫ్రాన్స్ ఒక రాజీ ప్రతిపాదన తెచ్చింది: రాజ్యాంగంలో పేర్కొన్న జాతుల సరసన బల్గేరియన్లను కూడా చేర్చాలి, 2017 ఒప్పందం అమలు చర్చల చట్రంలో భాగమవుతుంది. జులై 16న స్కోప్యే పార్లమెంటు 68 ఓట్లతో ఒప్పుకుంది, మూడు రోజులకు తొలి సమావేశం జరిగింది. చట్టాల పరిశీలన 2023 డిసెంబరులో పూర్తయింది. కానీ క్లస్టర్లు తెరవాలంటే రాజ్యాంగ సవరణ కావాలి. దానికి మళ్లీ 80 ఓట్లు. అవి లేవు. 2021 జనగణనలో బల్గేరియన్లుగా నమోదైనవారు 3,504 మంది.

2024 మేలో ఓటర్లు కోపం తీర్చుకున్నారు. సవరణను వ్యతిరేకించిన పార్టీ గెలిచి హ్రిస్తియాన్ మిత్స్కోస్కీ ప్రధాని అయ్యారు. అధ్యక్షురాలు గోర్దానా సిల్యానోవ్‌స్కా దావ్‌కోవా ప్రమాణస్వీకారంలోనే దేశాన్ని "మాసిడోనియా" అన్నారు, ఏథెన్స్ భగ్గుమంది. సవరణ చేస్తాం కానీ సభ్యత్వం వచ్చిన రోజు నుంచే అమల్లోకి రావాలని కొత్త ప్రధాని ప్రతిపాదించారు. సమాఖ్య ఒప్పుకోలేదు. అప్పటిదాకా ఈ దేశంతో జంటగా నడిపించిన అల్బేనియాను విడదీసి ముందుకు పంపింది. 2024 అక్టోబరు 15న మొదటి క్లస్టర్ తెరిచిన అల్బేనియా, ఏడాది తిరిగేసరికి అయిదు తెరిచింది. అల్బేనియా న్యాయవ్యవస్థ తన పొరుగు కన్నా అంత మెరుగా? నాకలా అనిపించదు. దాని మీద వీటో వాడే పొరుగు సభ్యదేశం ఆ సమయంలో లేదు, అంతే.

అయితే ఇదంతా చదివి స్కోప్యే నాయకులది ఏ తప్పూ లేదనుకుంటే పొరపాటు. 2025 మార్చి 16న కోచని పట్టణంలో ఒక నైట్‌క్లబ్బులో మంటలు చెలరేగి 60 మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది పడుచువాళ్లు. ఆ క్లబ్బు లైసెన్సు చట్టవిరుద్ధంగా జారీ అయిందని ప్రభుత్వమే ప్రకటించింది. 2021 సెప్టెంబరులో తేతోవోలో తాత్కాలిక కొవిడ్ ఆసుపత్రి తగలబడి 14 మంది పోయారు. సమాఖ్య అధ్యాయాల్లో భవన నిబంధనలు, తనిఖీలు, లంచాల నిరోధం అని రాసి ఉండే పొడి మాటలకు అర్థం ఆ పిల్లల ప్రాణాలే. వాటిని సరిదిద్దడానికి బల్గేరియా అనుమతి అక్కర్లేదు. పొరుగువాడు తలుపు మూశాడన్న సాకుతో ఇల్లు ఊడ్చుకోకుండా ఉండటం స్కోప్యే నాయకుల సొంత నేరం.

ఇక మీ మూడో ప్రశ్న. సవరణ చేయాలని ఎందుకంటున్నానంటే, దాని పాఠంలో అవమానం లేదు. రాజ్యాంగ పీఠికలో అల్బేనియన్లు, తుర్కులు, వ్లాహులు, సెర్బులు, రోమాలు, బోస్నియాకుల పేర్లు ఇప్పటికే ఉన్నాయి. మూడున్నర వేల మంది పౌరుల పేరు ఆ వరసలో చేరితే మాసిడోనియన్ జాతికి తరుగు లేదు. 2022 అక్టోబరులో సరిహద్దు రక్షణ సంస్థ ఫ్రాంటెక్స్‌తో కుదిరిన ఒప్పందం మాసిడోనియన్ భాషలోనూ సంతకమైంది. భాష పేరుకు ఏ తోకా తగిలించలేదు. అంటే సమాఖ్య ఆ భాషను ఆ పేరుతోనే వాడుతోంది.

ఆలస్యానికి అయ్యే ఖర్చు జనాభా అంకెల్లోనే కనిపిస్తుంది. దేశం సమాఖ్యలోకి వెళ్లకపోతే మనుషులు ఒక్కొక్కరుగా వెళ్లిపోతున్నారు. వేలమంది, సమాఖ్యలో సభ్యదేశమైన బల్గేరియా పాస్‌పోర్టు తీసుకుని జర్మనీకో మరోచోటికో పోయారు. మాజీ ప్రధాని ల్యుబ్చో గియోర్గియెవ్‌స్కీ కూడా బల్గేరియా పౌరసత్వం తీసుకున్నారు. ఉద్యోగం కోసం, తాను బల్గేరియన్ మూలాలవాడినని చెప్పే పత్రం మీద సంతకం పెట్టవలసి వచ్చిన యువకుడికి, రాజ్యాంగంలో ఒక పదం చేర్చడం పెద్ద త్యాగంగా తోచదు.

నాకు మనసొప్పకపోవడానికి కారణం వేరు. ఇవాళ రాజ్యాంగం, రేపు పాఠ్యపుస్తకాలు, ఎల్లుండి స్మారకాలు అని అడుగుతూ పోతే ఆపేదెవరు? ఆ భయానికి ఆధారం ఉంది. జెండా మార్చుకున్నారు, పేరు మార్చుకున్నారు, ప్రతిసారీ ఇదే చివరిదన్నారు. కాబట్టి సవరణతో పాటే సమాఖ్య రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి: ఇకపై అడిగేది సమాఖ్య చట్టాల్లో ఉన్నదే, ద్వైపాక్షిక షరతులు కొత్తగా రావు అని. క్లస్టర్లు తెరవడం, మూయడం వంటి మధ్య మెట్ల దగ్గర ఏకాభిప్రాయం బదులు మెజారిటీ చాలన్న ఆలోచన సభ్యదేశాల్లో కొన్నిటికి ఇప్పటికే ఉంది. చివరి ఒప్పందానికి అందరి ఆమోదం ఎలాగూ తప్పదు. అక్కడ వీటో ఉంటే చాలు. ఈ మార్పు లేకుండా సవరణ చేయమని స్కోప్యేకు చెప్పే హక్కు, సమాఖ్య కేంద్రమైన బ్రస్సెల్స్‌కు సగమే ఉందని నేననుకుంటాను.

మీరు ఈ వ్యవహారాన్ని గమనించాలనుకుంటే ప్రసంగాలు వదిలేసి ఒక చిన్న విషయం చూడండి. ప్రెస్పా ఒప్పందంలో పత్రాల మార్పిడికి రెండు గడువులు పెట్టారు. పాస్‌పోర్టుల వంటి విదేశీ వాడుక పత్రాలకు అయిదేళ్లు. అది 2024 ఫిబ్రవరితో ముగిసింది, పాత పేరున్న పాస్‌పోర్టులు చెల్లకుండా పోయాయి. దేశం లోపల మాత్రమే వాడే పత్రాల సంగతి వేరు. వాటిని మార్చే గడువు, ఆయా రంగానికి చెందిన అధ్యాయం సమాఖ్యతో చర్చకు తెరుచుకున్న రోజున మొదలవ్వాలి. ఒక్క అధ్యాయమైనా తెరుచుకోలేదు కాబట్టి ఆ గడువు ఇంకా మొదలే కాలేదు.